నిండు కారియరు

నూకన్నపేట, వయా కోటబొమ్మాళి
జూన్ 21

ఒరే ధనరాజూ,

ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప. అక్కడ నువ్వు క్షేమమో కాదో నాకు అక్కర్లేదు.

నీతో నోరిప్పి మాట్లాడనని నిన్న సాయంత్రం ఒడ్డు మీద పదిమంది ముందు గంగమ్మ తల్లి మీద ఒట్టేశాను. అందుకే నీ ఫోను ఎత్తలేదు. మళ్లీ చేసినా ఎత్తను. మాట్లాడనని ఒట్టేశాను గానీ రాయనని వేయలేదు కాబట్టి రాస్తున్నాను. ఏడో తరగతి దాకా చదివిన చదువు ఇన్నాళ్లకి పనికొచ్చింది. బళ్లో నేర్పినట్టు కుదురుగానే రాద్దామని కూర్చున్నాను. కోపమొస్తే మన మాటే వచ్చేస్తాది, సర్దుకో.

వేట నిషేధం పోయి పడవలు దిగిన మొదటి వారం ఇది. రెండు నెలలు ఒడ్డు మీద వలలు కుట్టుకుంటూ కూర్చున్నాక పడిన మొదటి వంజరం. దాన్ని వేలంలో పెట్టకుండా నీ కోసం తీసి ఉంచాను. చింతపండు పిసికి, మామిడికాయ ముక్కలు వేసి, రాత్రి నుంచే పులుసు ఊరబెట్టాను. కారియరు కింద గిన్నెలో అన్నం, మధ్య గిన్నెలో పులుసు, పై గిన్నెలో వేపుడు. చిన్నతల్లి తన చేపల గంపతో పాటు రైల్లో విజయనగరం మోసుకెళ్లి నీ క్వార్టర్సు గుమ్మంలో ఇచ్చింది. సాయంత్రం అదే కారియరు నిండుగా తిరిగొచ్చింది. మూత కూడా తీయలేదట. "వద్దన్నారు, తీసుకెళ్లిపో అన్నారు" అని చిన్నతల్లి అందరి ముందూ చెప్పింది. మన ఇళ్లలో శత్రువు పంపిన కూడే అలా తిప్పి పంపుతారు.

రాత్రంతా రైలు నడిపేవాడివి. నాన్న రాత్రి వేటకి వెళ్లే ముందు అమ్మ ఎంత అన్నం పెట్టేదో నీకు గుర్తులేదా? ఖాళీ కడుపుతో సంద్రం మీదకి వెళ్తే వల కూడా ఖాళీగానే వస్తుందని అనేది కదా. అమ్మ పోయాక నీకు నేను పెట్టాను. చేపలమ్మి ఐటీఐ చదివించాను. ఇప్పుడు రైలు డ్రైవరుగారికి మా పులుసు వాసనేస్తన్నాదేటి? లేకపోతే మీ ఆవిడకా? ఎవరికో సెప్పు.

కూర్మమ్మ

విజయనగరం, రైల్వే క్వార్టర్సు
జూన్ 27

అప్పా,

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ కూడా ఆశ్చర్యపోయాడు. "సార్, ఎల్ఐసీ కాకుండా మీకు ఉత్తరం రావడం ఇదే మొదలు" అన్నాడు.

మూత తీయకుండానే నీ పులుసు వాసన మా వీధంతా వచ్చింది. పక్కింటివాళ్లు వచ్చి అడిగారు కూడా. కుసుమకి మన చేప అంటే ప్రాణమని నీకు తెలుసు, దాన్ని ఇందులోకి లాగకు. ఆ రోజు నాకు ఒంట్లో కొంచెం బాగోలేదు, అంతే. వేసవి వేడి. పని కూడా ఎక్కువగా ఉంది. తిప్పి పంపడం తప్పే. ఇంట్లో పెడితే పాడవుతుందని, నువ్వు తింటావని పంపాను. నువ్విలా ఒట్టు దాకా వెళ్తావని అనుకోలేదు.

ఒట్టు తీసేయ్ అప్పా. ఫోనెత్తు. కొన్నాళ్లు మాత్రం కారియరు పంపకు. ఎందుకని అడగొద్దు. వానలు తగ్గాక నేనే వస్తాను.

దాలయ్య మావ కాలు నొప్పి ఎలా ఉంది? అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
ధనరాజు

నూకన్నపేట
జూలై 5

ఒరే,

ఎందుకని అడగొద్దన్నావు. అందుకే నేను అడగలేదు, చిన్నతల్లిని పంపాను.

స్టేషన్లో చేపలు దించి, టీ తాగే వంకన మీ ఆఫీసు దగ్గర నిలబడిందట. నువ్వు లోపల బల్ల దగ్గర కూర్చుని ఎవరెవరో డ్రైవర్లు వస్తే సంతకాలు పెట్టించుకుంటున్నావట. భుజాన పెట్టె లేదు, చేతిలో జెండా లేదు. "ధనరాజుగోరు బండి మీద ఉన్నారా?" అని టీ కొట్టువాడిని అడిగిందట. "ఆయన బండి దిగి మూడు నెల్లవుతోంది కదమ్మా" అన్నాడట వాడు.

మూడు నెలలు! నాకు తెలీకుండా!

నేనిక్కడ ఏం చేశానో తెలుసా నీకు? కోటబొమ్మాళి చేపల మార్కెట్లో పాసింజరు కూత వినపడితే చాలు, "అదిగో, మా తమ్ముడి బండి" అన్నాను. నిన్న కూడా అన్నాను. మొన్న కూడా అన్నాను. ఎవడి బండికో నీ పేరు పెట్టి మీసాలు మెలేశాను. గూడ్సు నుంచి పాసింజరుకి వచ్చాడని వేలంపాట పాడేవాడికి కూడా స్వీటు పెట్టాను. ఇప్పుడు మార్కెట్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ఏటి సేసేవురా? ఎవరినైనా కొట్టేవా? తాగేవా? తాగి బండెక్కితే నేనే నీ కాళ్లు ఇరగ్గొడతాను, రైల్వేవాళ్లతో పనిలేదు. కాగితం మీదైనా నిజం సెప్పు.

కూర్మమ్మ

విజయనగరం
జూలై 12

అప్పా,

తాగలేదు. ఎవరినీ కొట్టలేదు. నీ పెంపకానికి మచ్చ తెచ్చే పని ఏదీ చేయలేదు. ముందు అది నమ్ము, తర్వాత చదువు.

నాకు షుగరు, బీపీ రెండూ వచ్చాయి. చాలా ఎక్కువగా ఉన్నాయి. రైలు నడిపేవాడికి ఇవి ఇంత ఉండకూడదు. పరీక్షలు చేసి నన్ను బండి నుంచి దించి లాబీలో కూర్చోబెట్టారు. లాబీ అంటే డ్రైవర్లు డ్యూటీకి వచ్చి సంతకం పెట్టే ఆఫీసు. రాత్రి డ్యూటీ మాత్రం ఇక్కడా తప్పలేదు. సెప్టెంబరులో మళ్లీ పరీక్ష. అప్పటికి తగ్గితే బండెక్కుతాను. తగ్గకపోతే ఇంకోసారి చూస్తారు. అప్పుడూ తగ్గకపోతే ఇక జీవితాంతం బల్ల దగ్గరే. జీతం మీద బెంగలేదు. ఇంజను మీద ఉంది. రాత్రి నా జూనియర్లు వచ్చి నా ముందు సంతకం పెట్టి, పెట్టె భుజానికి తగిలించుకుని వెళ్తుంటే చూడలేక తల దించుకుంటున్నాను.

డాక్టరమ్మ నా తిండీ నిద్రా గురించి అడిగింది. చెప్పాను. నడిరాత్రి కారియరు విప్పి రెండు గిన్నెల అన్నం. నిద్ర రాకుండా ప్రతి స్టేషన్లో పంచదార టీ. పొద్దున్న దిగి పూరీ, మళ్లీ పడుకునే ముందు భోజనం. పగలు రెండు గంటల నిద్ర, మధ్యలో ఫోన్లు. నడక అనేదే లేదు, ఇంజన్లో కూర్చోవడమే. "మీకు ఇంత అన్నం రాత్రిపూట ఎవరు తినమన్నారు?" అంది. మా నాన్న వేటకి వెళ్లే ముందు అలాగే తినేవాడండీ, రాత్రి పనివాడు కడుపు నిండా తినాలి అన్నాను. "మీ నాన్నగారు వల లాగారు. మీరు కూర్చుంటున్నారు" అంది.

అందుకే కారియరు వద్దన్నాను. నీ చేతి అన్నం వద్దని ఏ నోటితో చెప్పను? అది నన్ను పెంచిన అన్నం. మూత తీస్తే తినకుండా ఉండలేనని తీయలేదు, అప్పా. ఆ రోజు గుమ్మంలో కారియరు చిన్నతల్లి చేతికి తిరిగిచ్చి, తలుపేసుకుని ఏడ్చాను. కుసుమని అడుగు.

మార్కెట్లో ఎవరికీ చెప్పకు.

ధనరాజు

నూకన్నపేట
జూలై 20

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ముందు తిట్టాను. తర్వాత ఏడ్చాను. తర్వాత గంప ఎత్తుకుని మార్కెట్‌కి వెళ్లి, కవ్వళ్లు అమ్మలేక సగం తిరిగి తెచ్చాను. ఒంట్లో రోగం పెట్టుకుని వేసవి వేడి అని రాస్తావా? నేను పరాయిదాన్నా?

నీ డాక్టరమ్మ మాట మింగుడు పడలేదు. మన అన్నం మీద మాటొస్తే నేనూరుకుంటానా! నాన్నతో పడవెక్కినవాడు దాలయ్య మావ ఒక్కడే మిగిలాడు కదా, ఆయన్నే అడిగాను. "మావా, రాత్రి సంద్రం మీద మా నాన్న ఎంత తినేవాడు, సెప్పు, ఆ డాక్టరమ్మకి రాసి పంపుతాను" అన్నాను.

ఆయన నవ్వాడురా. "ఓలమ్మ, సంద్రం మీద అన్నమెవులు తింతారే? పొద్దుగూకకముందే ఇంటికాడ తిని పోయీవోలం. పడవలో గంజి నీల్లే. అన్నం తిన్నోడు తెడ్డు మీదే పడి తొంగుంటాడు, అలొచ్చి ఎత్తుకుపోతాది. మళ్లా అన్నం ఒడ్డుకొచ్చినాకే" అన్నాడు.

ఆడవాళ్లం పడవెక్కం కదా. నువ్వూ నేనూ ఇంటి దగ్గర నాన్న తినడమే చూశాం. సంద్రం మీద తినకపోవడం మనమెప్పుడు చూశాం? సగం చూసి, దాన్నే నిజమనుకుని ఇన్నాళ్లూ నీకు నడిరాత్రి అన్నం పంపాను. రోగం నీ ఒంట్లో ఉంది గానీ దాన్ని వండి పంపింది నేనే. డాక్టరమ్మని తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నానని చెప్పు. నువ్వు చెప్పకపోయినా నేను గంగమ్మకి చెప్పుకున్నాను.

సరే, అయిందేదో అయింది. ఆవిడ ఏం తినమందో అన్నీ వివరంగా రాయి. వచ్చే సెలవుకి ఊరికి రా. ఒడ్డు మీద అలివి వల లాగడానికి ఎప్పుడూ మనుషులు తక్కువే. నీ పొట్టకి మన ఊళ్లోనే మందుంది.

ఒట్టు మాత్రం అలాగే ఉంది. మాట్లాడను.

కూర్మమ్మ

విజయనగరం
ఆగస్టు 10

అప్పా,

చేతులు ఇంకా మండుతున్నాయి. బొబ్బలు చితికి, రెండు రోజులు కలం పట్టుకోలేకపోయాను. కుసుమ వెన్న రాస్తూ, "డ్రైవరుగారు తాడు పట్టుకోవడం ఏనాడో మర్చిపోయారు" అని ఒకటే నవ్వు.

ముప్పై మంది వరసలో నిలబడి లాగుతుంటే నేను పది అడుగులకే ఇసుకలో కూలబడ్డాను చూడు, సిగ్గుతో చచ్చిపోయాననుకో. అప్పుడు గట్టు మీంచి నువ్వు, "ఒరే, నడుం వంచరా! రైలు కాదురా అది, నువ్వే లాగాల!" అని అరిచావు. వల లాగేవాళ్లందరూ తాడొదిలేసి నవ్వారు. చిన్నతల్లయితే, "ఒట్టు పోయింది, ఒట్టు పోయింది" అని గంతులేసింది. నీ మొహం చూసి తీరాలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నావు గానీ మాట అప్పటికే నా చెవిలో పడిపోయింది. గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి చెల్లించుకున్నావట, దాలయ్య మావ చెప్పాడు.

రెండోసారి లాగినప్పుడు కూలబడలేదు. వాటా కింద గుప్పెడు నెత్తళ్లు ఇచ్చారు. ఉద్యోగం వచ్చాక నేను ఒళ్లు వంచి సంపాదించుకున్న కూర అదే.

ఇక తిండి సంగతి, నువ్వడిగినట్టే. సాయంత్రం వెలుతురుండగానే భోజనం చేస్తున్నాను. అన్నం ఒక గరిటె, కూర రెండు గరిటెలు, పప్పు, చేప ఉంటే పులుసులో ముక్కలు. రాత్రి లాబీలో ఆకలేస్తే ఉడికిన గుడ్డో, ఉలవ గుగ్గిళ్లో, చోడి అంబలో. టీ డ్యూటీ మొదట్లో ఒక్కటి, అదీ పంచదార లేకుండా. మొదటి వారం గడ్డి నీళ్లు తాగుతున్నట్టుండేది. ఇప్పుడు అలవాటైంది. పొద్దున్న దిగాక కొంచెం తిని నిద్ర. కుసుమ కిటికీకి నల్ల దుప్పటి కుట్టి వేసింది. గుమ్మానికి "డ్రైవరు నిద్రపోతున్నారు, తలుపు కొట్టవద్దు" అని అట్ట కట్టింది. వీధిలో పిల్లలు అది చదివి, "డ్రైవరు నిద్రపోతే బండెవరు నడుపుతారు?" అని అరుచుకుంటూ ఆడుకుంటున్నారు. లేచాక కోట చుట్టూ నడక.

ఒట్టు తీరింది కదా, ఇక ఫోన్‌లో మాట్లాడుకుందామా?

ధనరాజు

నూకన్నపేట
ఆగస్టు 18

తమ్ముడూ,

ఫోనొద్దు. అంటే, ఊరికే పలకరించడానికి చేయి, ఎత్తుతాను. కానీ ఫోన్‌లో నువ్వు "బాగున్నానప్పా" అంటావు, నేను నమ్మేస్తాను. ఆ మూడు నెలలూ అలాగే నమ్మాను. కాగితం మీద రాస్తే రెండుసార్లు చదివి నీ గుండె పట్టుకుంటాను. అందుకని ఇదే ఉండనీ.

నువ్వు తాడు లాగుతుంటే ఊరంతా చూసిందిరా. "రైలు డ్రైవరు మన వల లాగుతున్నాడు" అని పక్క ఊరివాళ్లు కూడా వచ్చారు. నువ్వు కూలబడడం వాళ్లు చూశారు. రెండోసారి లేవడమూ చూశారు. నాకదే చాలు.

రాత్రి అన్నం లేదన్నావు కదా, నోటికి రుచెలాగ మరి? ఎండు నెత్తళ్లు, ఉప్పు చేప డబ్బాలో వేసి చిన్నతల్లితో పంపుతున్నాను. అన్నం కాదు కదా, డాక్టరమ్మ ఏమీ అనదు. నిప్పుల మీద కాల్చుకుని అంబలిలో నంజుకో. నాన్న కూడా పడవలో ఎండు చేప నమిలేవాడట.

కూర్మమ్మ

విజయనగరం
సెప్టెంబరు 23

అప్పా,

పరీక్ష పోయింది. షుగరు బాగా తగ్గింది. ఒళ్లు తగ్గింది. బీపీ తగ్గలేదు. రాత్రుళ్లు ఏం తింటున్నావని డాక్టరమ్మ మళ్లీ మొదటి నుంచి అడిగింది. ఎండు చేప అనగానే తల పట్టుకుంది. చేప మంచిదేనట, దాని మీద ఉప్పే ప్రాణాంతకమట. నువ్వు ప్రేమగా పంపావు, నేను ప్రేమగా తిన్నాను. ఇద్దరికిద్దరం సరిపోయాం. నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు.

ఇంకొక్క అవకాశముంది, నవంబరు చివర్లో. అదే ఆఖరు.

నిజం చెప్పాలంటే మానేద్దామనిపిస్తోంది. బల్ల దగ్గర కూర్చునేవాళ్లు బతకడం లేదా? కుసుమ కూడా, "మీరు బాగుంటే చాలు, ఇంజను లేకపోతే ఏం" అంది. నిన్న నడకకి వెళ్లలేదు. ఇవాళ కూడా.

నీకు ఇంకొకటి చెప్పలేదు. కుసుమకి కూడా చెప్పలేదు. నన్ను ఎవరూ దించలేదు.

ఏప్రిల్ మొదట్లో ఒక రాత్రి. సిగడాంలో బండి చాలాసేపు ఆగింది. నీ కారియరు విప్పి కడుపు నిండా తిన్నాను. బండి కదిలాక కళ్లు బరువెక్కాయి. మా పద్ధతి నీకు తెలుసు కదా, సిగ్నల్ కనపడితే ఇద్దరం గట్టిగా చెప్పుకోవాలి. అసిస్టెంటు రమేష్‌బాబు చెప్పాడు. నేను తిరిగి చెప్పాలి. చెప్పలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, నేను మాత్రం అక్కడ లేను. వాడు రెండోసారి అరిచాడు. అప్పుడు పలికాను. సిగ్నల్ ఆకుపచ్చే. ఏమీ కాలేదు. బండి టైముకే చేరింది. దిగాక రమేష్‌బాబు, "పోనీండి సార్, అందరికీ అవుతుంది, ఎవరికీ చెప్పక్కర్లేదు" అన్నాడు.

వెనక పెట్టెల్లో ఎంతమంది నిద్రపోతున్నారో! నా నమ్మకం మీదే కదా వాళ్లు నిద్రపోయేది. ఇంటికి రాలేదు. యూనిఫారంతోనే ఆస్పత్రికి వెళ్లి, నాకు నిద్ర ముంచుకొస్తోంది, నన్ను పరీక్ష చేయండి అన్నాను. ఫలితం వచ్చాక నా పరీక్ష గడువు ఇంకా ఏడాది ఉందని తెలిసి డాక్టరమ్మే ఆశ్చర్యపోయింది. నోరు మూసుకుని ఉంటే ఈపాటికి నేను ఇంజన్లోనే ఉండేవాడిని.

అందుకే నాకు ఇంకా కోపం. నా మీద నాకే. నేనే దిగాను, నేనే ఎక్కలేకపోతున్నాను.

ధనరాజు

నూకన్నపేట
సెప్టెంబరు 28

ఒరే నా తండ్రీ,

ఈ ఉత్తరం మార్కెట్ నుంచి రాగానే, కాళ్లు కూడా కడుక్కోకుండా రాస్తున్నాను. కాగితం చేపల కంపు కొడితే కొట్టనీ.

నిన్న వచ్చిన నీ ఉత్తరం విప్పే తీరిక ఇవాళ వేలం మొదలవకముందు దొరికింది. అక్కడే గంప మీద కూర్చుని చదివాను. ఆ రాత్రి నువ్వు విప్పిన కారియరు నాది కదా. నా చెయ్యే నీ కళ్లు మూసింది. ఏడుస్తుంటే చిన్నతల్లి పరిగెత్తుకొచ్చింది, "ఏటైందే, ఎవులైనా పోయారేటి" అని. నలుగురూ మూగారు. అప్పుడు లేచి నిలబడ్డాను. నువ్వు చెప్పొద్దన్నావు, నేను చెప్పేశాను. తిట్టుకో.

"మా తమ్ముడు బండెక్కడం నేదు. ఏప్రిల్ నుంచి ఎక్కడం నేదు. మీ అందరికీ అబద్దం సెప్పేను. కానీ ఇనండి, ఆణ్ని ఎవులూ దించనేదు. ఎవులూ సూడనేదు, ఎవులికీ తెలీదు. ఆడే దిగేడు. ఎనకాల పెట్టెల్లో తొంగున్న మన కోసం దిగేడు. మీలో ఎవులింట్లోనైనా అలాటోడున్నాడేటి, సెప్పండి!" అన్నాను.

వేలం పాడేవాడు పాట ఆపేశాడు. దాలయ్య మావ కర్ర పట్టుకుని నిలబడి, "మబ్బు సూసి ఒడ్డుకొచ్చినోడే మంచి సరంగు. గంగలోకి పోయినోడు కాదు" అన్నాడు. మన పడవ నడిపే సరంగు నాన్నే కదా. ఆ మాట నాన్నని కూడా ఎప్పుడూ అనలేదు ఆయన, నిన్ను అన్నాడు.

ఇన్నాళ్లూ నువ్వు రైలు నడుపుతావని గర్వపడ్డాను. పిచ్చిదాన్ని. అది చాలామంది చేస్తారు. నువ్వు చేసింది ఎంతమంది చేస్తారు?

అందుకని మానేద్దామనిపిస్తోంది లాంటి మాటలు ఇంకోసారి రాశావంటే విజయనగరం వచ్చి నిన్ను నీ కోట చుట్టూ నేనే తరుముతాను. నీలాంటివాడు బల్ల దగ్గర కూర్చుంటే ఇంజన్లో ఎవరు కూర్చుంటారురా? నిద్ర వస్తే వచ్చిందని చెప్పేవాడే అక్కడుండాలి. రేపటి నుంచి నడువు. ఉప్పు చేప డబ్బా చిన్నతల్లికి ఇచ్చేయ్. ఈసారి నిండుగా తిరిగొచ్చినా ఏమీ అనుకోను. ఇక నుంచి పచ్చి చేపే పంపుతాను, ఉప్పెంత వేయాలో డాక్టరమ్మని అడిగి కుసుమ వండుతుంది. నా చేతి వంట తర్వాత తిందువుగాని. బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు.

కూర్మమ్మ

విజయనగరం
నవంబరు 29

అప్పా,

ఫిట్.

ఈ ఒక్క మాట రాసి పోస్టులో పడేద్దామనుకున్నాను గానీ నువ్వు ఊరుకోవు.

రెండు నెలలు నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నడిచాను. వానలో కూడా నడిచాను. పొద్దున్న డ్యూటీ దిగినప్పుడు మెస్సు నుంచి పూరీ వాసనొచ్చినా తల తిప్పలేదు. సెలవు దొరికినప్పుడల్లా ఊరికి వచ్చి వల లాగాను, నువ్వే చూశావు, ఆఖరిసారి వరసలో ముందు నిలబెట్టారు నన్ను. షుగరు, బీపీ రెండూ దారికొచ్చాయి. ఒక మాత్ర మాత్రం రోజూ వేసుకోవాలి, ఆర్నెల్లకోసారి పరీక్ష. వేసుకుంటాను, వెళ్తాను, ఇందులో నామోషీ ఏముంది.

లాబీలో నా పెట్టె తీసి దుమ్ము దులుపుతుంటే రమేష్‌బాబు వచ్చాడు. వాడూ ఒక గుడ్డ తీసుకుని పెట్టె తాళం తుడిచాడు. తర్వాత, "సార్, నాకూ రాత్రుళ్లు తినగానే కళ్లు పడిపోతున్నాయి. ఆ డాక్టరమ్మ ఎప్పుడు దొరుకుతుంది?" అన్నాడు. నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. ఆ కుర్రాడి మీద నాకు చెప్పలేనంత గౌరవం కలిగింది.

దారి మళ్లీ చూసుకోవడానికి కొన్ని రోజులు ఇంకో డ్రైవరుతో తిరగాలి. ఆ తర్వాత నా బండి నాకిస్తారు. పలాస నుంచి తెల్లవారుజామున వచ్చే పాసింజరు.

నీ పెంపకం వల్లనే అని రాయాలనుంది. రాస్తే నువ్వు మార్కెట్లో చదివి వినిపిస్తావని భయం. అయినా రాస్తున్నాను. నీ పెంపకం వల్లనే.

ధనరాజు

నూకన్నపేట
డిసెంబరు 20

తమ్ముడూ,

నిన్న నువ్వు నన్ను చూడలేదు. నేను నిన్ను చూశాను.

చలికి ముసుగేసుకుని, గంపలు పెట్టుకుని కోటబొమ్మాళి ప్లాట్‌ఫారం మీద అందరం కూర్చున్నాం. నీ బండి వచ్చి ఆగింది. ఇంజను మా ముందే ఆగింది. కిటికీలో నువ్వు. సన్నబడి నాన్నలాగే ఉన్నావు, బుగ్గలు లోపలికి పోయి, కళ్లు పెద్దవై. చిన్నతల్లి నన్ను మోచేత్తో పొడిచి, "పిలువే, ధనరాజూ అని పిలువే" అంది. మార్కెట్ ఈ చివర అరిస్తే ఆ చివర వినపడే గొంతు నాది. కానీ నువ్వు సిగ్నల్ వైపు చూస్తున్నావు. రెప్ప వేయకుండా చూస్తున్నావు. "పిలవకే, పనిలో ఉన్నాడు" అన్నాను. పెదవులు కదిలాయి నీకు, ఏదో గట్టిగా చెప్పావు. లోపల నుంచి ఇంకో గొంతు అదే మాట తిరిగి చెప్పింది. కూత వేశావు.

గబగబా వెనక పెట్టెలోకి ఎక్కాం. నేను ఆముదాలవలసలో దిగాలి. గంపలో మంచి కవ్వళ్లు, చందువలు ఉన్నాయి, బేరగాళ్లు ఎదురుచూస్తుంటారు. తలుపు పక్కనే గంప పెట్టుకుని, గోడకి చేరగిలబడి కూర్చున్నాను. నేను పెంచినవాడు నడిపే బండిలో నేనెప్పుడూ ఎక్కలేదని అప్పుడు తట్టింది. అందరికీ కూత వినిపించడమే గానీ నీ బండి చూసుకుని ఎక్కే తీరిక నాకెప్పుడుందిరా? వేలానికని నేను అర్ధరాత్రి లేస్తాను, నీకు తెలుసు కదా. ఏళ్ల తరబడి రైల్లో కునుకు తీసినదాన్ని కాదు. గంప ఎవడెత్తుకుపోతాడో, స్టేషను ఎక్కడ దాటిపోతుందోనని కళ్లు పొడుచుకుని కూర్చునే అలవాటు.

తిలారు దాటడం గుర్తుంది. ఊర్లాం గుర్తులేదు.

ఎవరో భుజం తట్టి లేపారు. "అమ్మా, దిగవా, విజయనగరం వచ్చేసింది" అన్నారు. ఆముదాలవలస పోయింది, పొందూరు పోయింది, చీపురుపల్లి పోయింది, ఏదీ నాకు తెలీదు. ఒళ్లు తెలీకుండా నిద్రపోయాను. అమ్మ పోయాక అలాంటి నిద్ర నేనెరగను. చిన్నతల్లి కూడా నన్ను లేపలేదు. "తమ్ముడి బండిలో తొంగుంది, తొంగోనీ" అని దిగి తన దారిన వెళ్లిపోయిందట.

కిందకి దిగి ఇంజను దగ్గరికి వచ్చేసరికి నువ్వు పెట్టె భుజాన వేసుకుని వెళ్లిపోతున్నావు. పొద్దున్న నిద్రకి ఆలస్యమవుతుందని వెనకనుంచి పిలవలేదు. ఎదురుబండి పట్టుకుని ఇంటికొచ్చేశాను. నిన్నటి బేరమంతా పోయింది. చేపలు వీధిలో పంచేశాను. అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పాను, మా తమ్ముడి బండిలో నిద్రపోయానని.

అప్ప
కూర్మమ్మ